తెర మీద నిట్టాడి

కంప్యూటర్ తెర మీద ఇల్లు కట్టుకోవడానికి సెంటు భూమి అక్కర్లేదు, సిమెంటు బస్తా కొననక్కర్లేదు, మేస్త్రి కోసం నర్సీపట్నం కబురు పంపనక్కర్లేదు. ఓ పాత ల్యాప్‌టాప్, డబ్బు కట్టనవసరం లేని ఒక ప్రోగ్రాం ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఇంకొకటి కూడా కావాలి: పక్కన కూర్చుని “అది అక్కడ కాదురా” అని చెప్పగలిగిన పెద్దమనిషి. మా కొండల్లో మొదటి రెండూ ఇప్పుడు తేలిగ్గానే దొరుకుతున్నాయి. అలా చెప్పగలిగిన పెద్దలే ఏటేటా తగ్గిపోతున్నారు. ఇది రాయడానికి నాకున్న తొందర అదే.

నేను సివిల్ డిప్లొమా చదివి, చింతపల్లి మండలంలో ఇళ్లకు ప్లాన్లు గీస్తూ, ఎస్టిమేట్లు వేస్తూ బతుకుతున్నాను. మా పల్లె లంబసింగికి దగ్గరే. శీతాకాలంలో మంచు చూడటానికి మీరంతా వచ్చే లంబసింగే. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరి నెలల్లో సున్నా దగ్గరకు దిగే చలి, కొర్రబయలు అని ఇంకో పేరు. చెరువులవేనం కొండెక్కి మబ్బుల్ని ఫొటో తీసుకుని వెళ్లేవాళ్లకు ఆ మబ్బుల కిందున్న ఇళ్లు కనిపించవు. మా అమ్మ పెళ్లయి వచ్చేనాటికి మా వీధిలో అన్నీ మట్టిగోడల మీద గడ్డి కప్పిన ఇళ్లే. తర్వాత పెంకు వచ్చింది, రేకు వచ్చింది, ఇప్పుడు శ్లాబు. మాదీ శ్లాబు ఇల్లే. పాతిల్లు ఉన్న చోట మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లున్నాయి. ఆ పాతింటినే నేను తెర మీద తిరిగి కట్టాను. ఎలా కట్టానో చెబుతాను. సివిల్ చదవకపోయినా ఎవరైనా కట్టవచ్చు.

ముందు స్థలం సంగతి. వర్చువల్ ప్రపంచం అంటే కంప్యూటర్ లోపల నడిచి తిరగగలిగిన చోటు. అక్కడ నేల ఉంటుంది, వెలుతురు ఉంటుంది, మనకు బదులు తిరిగే బొమ్మ ఉంటుంది. ఇలాంటివి చాలా ఉన్నాయి. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో తెరిచిన సెకండ్ లైఫ్ పాతవాటిలో పేరున్నది. అందులో పెట్టె, స్తంభం, గోళం లాంటి మూల రూపాల్ని సాగదీసి, కోసి, అతికించి ఇల్లు కడతారు. నేర్చుకునేవాళ్ల కోసం శాండ్‌బాక్స్ అనే ఉమ్మడి మైదానాలున్నాయి, అక్కడ ఎవరైనా కట్టి చూసుకోవచ్చు. కానీ ఇల్లు నిలబడి ఉండాలంటే స్థలం కావాలి, స్థలానికి నెలనెలా డాలర్లు కట్టాలి. మాది షెడ్యూల్డ్ ప్రాంతం. 1970లో వచ్చిన 1/70 చట్టం మా భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతోంది. భూమి ఎవరిది అన్న ప్రశ్న మాకు పుట్టుకతో వస్తుంది. అందుకే తెర మీద కూడా నేను మొదట అడిగింది అదే: నేను కట్టే ఇల్లు ఎవరి నేల మీద ఉంటుంది?

ఆ ప్రశ్న వృథా కాదు. గూగుల్ 2008 జులైలో లైవ్‌లీ అనే వర్చువల్ ప్రపంచం తెరిచింది, అదే ఏడాది డిసెంబరు 31న మూసేసింది. సోనీ కంపెనీ ప్లేస్టేషన్ హోమ్ 2015 మార్చిలో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చిలో ఆగిపోయింది. వాటిలో జనం అలంకరించుకున్న గదులు, కట్టుకున్న వేదికలు వాటితోపాటే పోయాయి. మైన్‌క్రాఫ్ట్ సంగతి వేరు. 2009లో మార్కస్ పెర్సన్ అనే స్వీడన్ కుర్రాడు మొదలుపెట్టిన ఆట అది. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. అందులో కట్టిన ప్రపంచాన్ని మన కంప్యూటర్లోనే దాచుకోవచ్చు, కాకపోతే ఆటను కొనాలి. నేను ఎంచుకున్నది మైన్‌క్రాఫ్ట్ లాగే దిమ్మెలు పేర్చి కట్టే లువాంటి. ఫిన్లాండ్‌కు చెందిన పెర్తు అహోలా 2010లో మైన్‌టెస్ట్ పేరుతో మొదలుపెట్టాడు, 2024 అక్టోబరులో పేరు మారింది. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టనక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లోనూ నడుస్తుంది. ఒకసారి దింపుకుంటే ఇక సిగ్నల్‌తో పనిలేదు. మా దగ్గర సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అన్నిటికన్నా ముఖ్యం, మనం కట్టిన ప్రపంచమంతా మన కంప్యూటర్లో ఒక ఫోల్డరుగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి మేనత్త కొడుక్కి ఇవ్వవచ్చు.

లువాంటి తెరవగానే ఇల్లు కట్టలేరు. అది ఖాళీ ఇంజను లాంటిది. లోపలే ఉన్న కంటెంట్ విభాగంలోకి వెళ్లి మైన్‌టెస్ట్ గేమ్ దింపుకోవాలి. కొత్త ప్రపంచం తెరిచేటప్పుడు క్రియేటివ్ మోడ్ ఎంచుకుంటే దిమ్మెలకు లోటుండదు. నేల ఎలా ఉండాలో కూడా అక్కడే అడుగుతుంది. మైదానపు ఊళ్లవాళ్లయితే ఫ్లాట్ తీసుకోండి. నేను వ్యాలీస్ తీసుకున్నాను. కొండలు, లోయలు, వాగులు వాటంతటవే పుడతాయి. ఎడమ మీట నొక్కితే తవ్వడం, కుడి మీట నొక్కితే దిమ్మె పెట్టడం. ఎఫ్5 నొక్కితే మీరు ఎక్కడున్నారో అంకెల్లో కనిపిస్తుంది, కొలతలకు అది బాగా పనికొస్తుంది. వాడకం ఇంతే. పిల్లలకు ఒక్క పూట చాలు.

అసలు పని కొలత దగ్గర మొదలవుతుంది. ఈ ఆటల్లో ప్రతి దిమ్మే ఒక మీటరు ఘనం. మా గోడ మందం అడుగున్నర. మీటరు దిమ్మెతో కడితే ఇల్లు కోటలా తయారవుతుంది. అమ్మను అడిగాను, పాతిల్లు ఎంతుండేదమ్మా అని. “పన్నెండు మూరల అడ్డం, ఇరవై మూరల నిడివి, మీ తాత చేత్తోనే కొలిచి ముగ్గు పోశాడు” అంది. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, ఇంచుమించు అడుగున్నర. గోడ మందం మూర. గోడ ఎత్తు అయిదు మూరలు. దిమ్మెను మీటరు అనుకోవడం మానేసి మూర అనుకున్నాను. అంతే, ఇల్లంతా లెక్కకు వచ్చేసింది. మందానికి ఒక దిమ్మె, ఎత్తుకు అయిదు వరసలు, ఒక్కో వరసకు అరవై దిమ్మెలు. మట్టిగోడ వేసేవాళ్లు కూడా మూరెడు ఎత్తు వరస వేసి, అది ఆరేదాకా ఆగి, దాని మీద ఇంకో వరస వేస్తారు. తెర మీద నేను పెట్టే ఒక్కో వరస నిజంగా గోడ పెట్టేవాళ్ల ఒక్కో విడత పని అన్నమాట. ఈ లెక్కలో తిరిగే బొమ్మ పసిపిల్లాడంత అయిపోతుంది, ఆటలో ఇచ్చే తలుపు పొట్టిదైపోతుంది. తలుపు తీసేసి ద్వారానికి ఖాళీ వదిలితే సరిపోతుంది.

నేల చదును చేసేటప్పుడు మా మేనమామను కూర్చోబెట్టుకున్నాను. ఆయన ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లకు కప్పు వేసిన మనిషి. కొండవాలులో ఇల్లు కట్టాలంటే పైవైపు తవ్వి, ఆ మట్టి కిందివైపు పోసి చదును చేస్తారు. నేనూ అలాగే చేసి, మధ్యలో ఇంటికి ముగ్గు వేశాను. మామ ఒప్పుకోలేదు. తవ్విన నేల గట్టిది, పోసిన మట్టి ఒక వానాకాలం చూసి కుంగుతుంది. సగం గోడ గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద ఉంటే గోడ చీలుతుంది. అందుకని ఇల్లు మొత్తం తవ్విన వైపు జరగాలి, పోసిన వైపు రాతికట్టు కట్టి అరుగు వేసుకోవాలి. అరుగు కుంగితే మళ్లీ అలుక్కోవచ్చు. ఇంజనీరింగ్ పుస్తకంలో అసమాన కుంగుబాటు అని నేను చదువుకున్న పాఠం ఇదే. తర్వాత ఇంటి వెనక పైవైపు కాలువ తవ్వించాడు. ఇది ఆటలో పరీక్షించి చూడవచ్చు. కొండ మీద ఒక నీటి దిమ్మె పెడితే నీళ్లు పల్లానికి పారి వస్తాయి. కాలువ లేనప్పుడు నేరుగా వెనక గోడను తాకాయి. కాలువ తవ్వాక పక్కకు మళ్లి పోయాయి. మామకు ఈ ఆట మీద నమ్మకం కుదిరింది ఆ నీళ్లు చూశాకే.

ఇక కప్పు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. ఆటలో మెట్టు ఆకారపు దిమ్మె ఒకటుంటుంది, గడ్డిలోనూ దొరుకుతుంది. మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ పోతే కప్పు 45 డిగ్రీల వాలు వస్తుంది. సగం ఎత్తుండే పలక దిమ్మెలతో పేర్చితే వాలు 27 డిగ్రీల లోపే ఉంటుంది. గడ్డికప్పుకు మొదటిదే తగినది, ఎందుకంటే వాన నీరు గడ్డిలో నిలవకుండా చప్పున జారిపోవాలి. పెంకుకు అంత వాలు అక్కర్లేదు. గోడ మీద నుంచి వెన్నుదూలం దాకా అటు ఆరు వరసలు, ఇటు ఆరు వరసలు వేశాను. చూరు ఎంత బయటికి రావాలంటే మామ “రెండు మూరలు” అన్నాడు. 45 డిగ్రీల వాలులో రెండు మూరలు బయటికి వస్తే రెండు మూరలు కిందికీ దిగుతుంది కదా. అయిదు మూరల గోడకు చూరు మూడు మూరల ఎత్తుకు వచ్చి ఆగింది. అంటే నాలుగున్నర అడుగులు.

చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లోకి అందరం వంగి వెళ్లేవాళ్లం. ఎందుకు వంగాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తెర మీద ఆ రెండు వరసలు పెట్టినప్పుడు తెలిసింది. మట్టిగోడకు వాన తగలకూడదు. ఈదురువాన గోడ మొదలు దాకా కొడుతుంది కాబట్టి చూరు అంత కిందికి దిగాలి. డిసెంబరు గాలికీ అదే అడ్డు. పల్లెవాళ్లకు ఎత్తుగా కట్టడం చేతకాక తక్కువ ఎత్తున కట్టుకున్నారని మైదానం నుంచి వచ్చే చాలామంది అనుకుంటారు. ఆ ఇంటి ప్రతి కొలతకూ ఒక కారణం ఉంది.

కప్పు పూర్తయ్యాక మామ తెర వైపు చాలాసేపు చూసి “నిట్టాడి ఏదిరా అల్లుడూ?” అన్నాడు. వెన్నుదూలాన్ని మోసే నడిమి స్తంభం నిట్టాడి. ఈ ఆటలో దానితో పనిలేదు. ఇసుక, గులక లాంటి కొన్ని దిమ్మెలు తప్ప మిగతావి గాలిలో అలాగే నిలబడతాయి. గోడలన్నీ తీసేసినా కప్పు పడదు. మైన్‌క్రాఫ్ట్‌లోనూ ఇంతే. ఆ మాటే చెప్పాను. “పడదని ఇల్లు మానేస్తావేటి? దూలం దేని మీద కూచుందో కనబడాలి కదా” అన్నాడు. అక్కడి నుంచి నేనొక నియమం పెట్టుకున్నాను: మోసేది పెట్టకుండా మోయించేది పెట్టకూడదు. ముందు రెండు నిట్టాళ్లు, వాటి మీద వెన్నుదూలం, దాని నుంచి గోడల మీదికి వాసాలు, వాసాల మీద వెదురు, వెదురు మీద గడ్డి. ఏది ఏ చెక్కో మామ చెప్పుకుంటూ పోయాడు. నిట్టాడికి నల్లమద్ది, దూలానికి వేగిస, కట్టు కట్టడానికి అడ్డ నార. ఆటలో మద్దీ లేదు, వేగిసా లేదు. పైన్, ఆస్పెన్, అకేషియా ఉన్నాయి. రంగు దగ్గరగా ఉన్నది ఎంచుకుని, ఆ దూలం పక్కన ఒక పలక పెట్టి అసలు చెక్క పేరు దాని మీద రాశాను. కట్టడం నేర్చుకునే పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ నియమమే. బరువు తెలియని ఆటలో బరువును మనమే గుర్తుంచుకోవాలి.

లోపలి సర్దుబాటు అమ్మది. పొయ్యి ఎక్కడన్నది ఆమె అడగకుండానే చెప్పింది: నడిమి గోడను ఆనుకుని, రెండువైపులా మనుషులు పడుకునేలా. పైన అటక. దాని మీద చోళ్లు, రాజ్‌మా విత్తనం, వేలాడదీసిన మొక్కజొన్న కంకులు. పొయ్యి పొగ అటకలోంచి, గడ్డిలోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. పోతూపోతూ వెదురుకు పురుగు పట్టకుండా చేస్తుంది, విత్తనాన్ని కాపాడుతుంది. ఇప్పుడు రేకుల ఇళ్లలో పొగకు దారి లేదు. తెల్లారుజామున రేకు లోపలి వైపు చెమ్మ పట్టి పక్కల మీద బొట్లు రాలతాయి. పొగ మంచిదని నేను అనడం లేదు, ఆ పొగలో వంట చేసిన ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు ఏమయ్యాయో మాకు తెలుసు. ఆ ఇంట్లో పొయ్యికీ కప్పుకూ ఉన్న లంకె తెలిస్తే, కొత్త ఇంటికి పొగగొట్టం ఎక్కడ పెట్టాలో, కప్పు కింద గాలి ఎలా ఆడాలో ఆలోచించగలుగుతాం అంటున్నాను.

సెలవుల్లో మా వీధి పిల్లలకు ఇది నేర్పుతున్నాను. ఎవరి ఇల్లు వాళ్లు కట్టమంటే ఒక పాప ముందు మేకల దొడ్డి కట్టింది, తర్వాత దాని పక్కన ఇల్లు. ఆ వరస ఆమె ఇంటి బతుకులోంచి వచ్చింది. కొందరు ఇంటికెళ్లి తాడుతో గోడలు కొలుచుకుని వచ్చారు. లెక్కల పుస్తకంలో చుట్టుకొలత, వైశాల్యం అంటే బెదిరిపోయే పిల్లలే వీళ్లు.

2022 ఫిబ్రవరిలో తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని ఒక గిరిజన పల్లెలో పెళ్లి చేసుకున్న జంట, కరోనా ఆంక్షల వల్ల విందును మెటావర్స్‌లో, అంటే ఇలాంటి వర్చువల్ ప్రపంచంలో, జరుపుకుంది. దేశమంతా ఆ వార్త చూసింది. వేదికను హ్యారీ పోటర్ కథల్లోని హాగ్వార్ట్స్ కోటలా అలంకరించారు. అది వాళ్ల ముచ్చట, తప్పు పట్టను. కానీ ఆ వార్త చదివినప్పటి నుంచి నాకొక కోరిక ఉంది. మా పల్లె పెళ్లి అలా జరిగే రోజు వస్తే మావిడాకుల పందిరి, రాతికట్టు అరుగు, కిందికి దిగిన చూరు ఆ తెర మీద సిద్ధంగా ఉండాలి. సెకండ్ లైఫ్ లాంటి చోట్ల కట్టి ఇచ్చే ఇళ్లు విక్టోరియన్ భవనాలు, పడవ ఇళ్లు, దుంగల ఇళ్లు. మన ఇల్లు ఆ వరసలో కనబడాలంటే మనం కట్టాల్సిందే.

దీనివల్ల నేల మీది ఇళ్లకు ఉపయోగం ఉందా? ఉంది. ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం, మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మోజాంగ్ కంపెనీ కలిసి 2012లో బ్లాక్ బై బ్లాక్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. నైరోబీ మురికివాడల్లో, తర్వాత మన ముంబయిలో కూడా, ప్లాన్ చదవడం రాని మామూలు మనుషుల్ని, పిల్లల్ని, ఆడవాళ్లను కూర్చోబెట్టి, తమ వీధిలోని ఖాళీ స్థలం ఎలా ఉండాలో దిమ్మెలతో కట్టి చూపమన్నారు. దీపం ఎక్కడ పెట్టాలో, దారి ఎటు తిరగాలో వాళ్లు చూపించారు. నీలం గీతల కాగితం ముందు నోరు విప్పని మనిషి, లోపల నడిచి చూడగలిగిన ఇంటి ముందు మాట్లాడతాడు. నా వృత్తిలో ఇది నేను రోజూ చూస్తున్నాను. ప్లాన్ కాగితం చూపిస్తే “నీకు తెలీదా బాబూ, నువ్వే చూడు” అనేవాళ్లు, తెర మీద ఇంట్లో తిప్పితే “ఇక్కడ పొయ్యి పెడితే తలుపు గాలి కొడతది” అంటున్నారు.

అందుకే ఇప్పుడు తొందరపడాలి. 2023 నవంబరు 15న కేంద్రం పీఎం జన్‌మన్ పథకం ప్రారంభించింది. ఖోందు, పోర్జ, గదబ లాంటి బాగా వెనకబడిన తెగలకు పక్కా ఇళ్లు అందులో ముఖ్య భాగం. ఒక్కో ఇంటికి 2.39 లక్షల రూపాయలని కేంద్ర మంత్రివర్గం అంచనా వేసింది. మా కొండల్లో రోడ్డు సరిగా లేని ఊళ్లకు సిమెంటు, ఇసుక మోయడానికే చాలా డబ్బు పోతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వచ్చే రోడ్డు కోసం గిరిజనుల చేత వెట్టి చేయించారన్నది, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి వెళ్లడానికి వెనకున్న కోపాల్లో ఒకటి. ఆ రోడ్డు మీదే ఇప్పుడు మా ఇళ్ల సామాను వస్తోంది. ప్రభుత్వ గ్రామీణ ఇంటికి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. మా లెక్కలో పన్నెండు మూరలు, పది మూరలు. మా పాతింటి అడ్డం అంతే, నిడివి సగం. ఆ సగంలో పొయ్యి ఎక్కడ, విత్తనం ఎక్కడ, మేకలు ఎక్కడ, చలిలో ముసలివాళ్లు పడుకునేది ఎక్కడ అన్నది పునాది తీయకముందే ఆ ఇంటివాళ్లు చూసుకోవాలి, చెప్పాలి. ఒక ల్యాప్‌టాప్, ఒక పూట సమయం. గృహనిర్మాణ ఇంజనీర్లకు నా మనవి ఇదే: లబ్ధిదారు సంతకం తీసుకునే ముందు ఆ కుటుంబాన్ని ఒకసారి ఆ ఇంట్లో తిప్పండి.

చదువుతున్న మీకు ఒక మాట. మీది ఏ ఊరైనా, పెంకుటిల్లో, మండువా ఇల్లో, పూరిల్లో ఒకటి ఇంకా నిలబడే ఉంటుంది. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లండి. గోడ మందం, గోడ ఎత్తు, చూరు ఎత్తు, చూరు బయటికి వచ్చిన దూరం, నిట్టాళ్ల మధ్య ఎడం, ఈ అయిదూ రాసుకోండి. కప్పు వేసిన మనిషి బతికి ఉంటే కారణాలు అడిగి ఫోన్లో రికార్డు చేసుకోండి. కట్టడం తర్వాత నెమ్మదిగా నేర్చుకోవచ్చు.